ఉపగ్రహం ఎత్తు రెట్టింపు చేస్తే కక్ష్యా కాలం 2.83 రెట్లు ఎందుకు కావడం లేదు?

నింగి_లెక్క (ప్రశ్న)

కెప్లర్ మూడో నియమం ప్రకారం కాలం వర్గం, దూరం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే కాలం 2.83 రెట్లు కావాలి. 400 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఒక చుట్టు 92.6 నిమిషాలని పట్టికల్లో ఉంది. ఆ లెక్కన 800 కి.మీ. ఎత్తులో 262 నిమిషాలు రావాలి. కానీ పట్టికలో 100.9 నిమిషాలే ఉంది.

భూస్థిర ఉపగ్రహానికి (నేల మీద ఒకే చోటి పైన నిలిచి కనిపించేదానికి) 35,786 కి.మీ. వేసి సూత్రంతో చేస్తే 24 గంటలకు బదులు 18.7 గంటలు వస్తోంది. రెండుసార్లు సరిచూశాను, గుణకారాల్లో తప్పు లేదు. సూత్రం వృత్తాకార కక్ష్యకు కూడా వర్తిస్తుంది కదా? ఉపగ్రహం బరువు ఎక్కడైనా కలపాలా?

కక్ష్యాగణకుడు

బరువుతో పని లేదు. సూత్రం కూడా సరైనదే. తప్పంతా "దూరం" అన్న మాటలో ఉంది. అది భూమి ఉపరితలం నుంచి కాదు, భూమి కేంద్రం నుంచి కొలవాలి. గురుత్వాకర్షణ లెక్కలో భూమి మొత్తం తన కేంద్రంలోనే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. నేల మన కాళ్ల కింద ఉంది కాబట్టి అక్కణ్ణుంచి కొలవడం మనకు అలవాటు, అంతే.

భూమధ్య రేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 6,378 కి.మీ. కాబట్టి 400 కి.మీ. ఎత్తు అంటే దూరం 6,778. 800 కి.మీ. ఎత్తు అంటే 7,178. ఎత్తు రెట్టింపైంది కానీ దూరం పెరిగింది 5.9 శాతమే. 1.059ని 1.059 వర్గమూలంతో గుణిస్తే 1.0898. దాన్ని 92.56తో గుణిస్తే 100.9 నిమిషాలు. మీ పట్టికలో ఉన్నది అదే.

నేరుగా సూత్రంతో చేయాలంటే వరస ఇది. వృత్తాకార కక్ష్యలో గురుత్వాకర్షణే అభికేంద్ర బలం, అంటే గుండ్రంగా తిరిగేలా కేంద్రం వైపు లాగే బలం. ఆ రెండింటినీ సమానం చేస్తే ఉపగ్రహం ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది. అందుకే బరువు అక్కర్లేదన్నాను. మిగిలేది:

కాలం = 2 × 3.14159 × √(దూరం³ ÷ జీఎం)

ఇందులో జీఎం అంటే గురుత్వ స్థిరాంకం, భూమి ద్రవ్యరాశి, ఈ రెండింటి లబ్ధం. దీన్ని విడివిడిగా వేయకండి. లబ్ధం విలువ మనకు చాలా కచ్చితంగా తెలుసు: 3,98,600.44 కి.మీ.³/సె.². గురుత్వ స్థిరాంకం విడిగా అంత కచ్చితంగా తెలియదు. విడదీసి వేస్తే అనవసరంగా కచ్చితత్వం పోగొట్టుకున్నట్టే. ఇంకో ముప్పు కూడా ఉంది. స్థిరాంకాన్ని మీటర్లలో, దూరాన్ని కిలోమీటర్లలో వేస్తే జవాబు వేల రెట్లు మారిపోతుంది. పై జీఎం వాడితే దూరం కిలోమీటర్లలో, జవాబు సెకన్లలో వస్తుంది.

6,778.14 ఘనం 3.1141 × 10¹¹. దాన్ని 3,98,600.44తో భాగిస్తే 7,81,256. వర్గమూలం 883.9. 6.28319తో గుణిస్తే 5,554 సెకన్లు, అంటే 92.56 నిమిషాలు. 400 మాత్రమే వేసి ఉంటే 80 సెకన్లు వచ్చేది! ఒకటిన్నర నిమిషం లోపు భూమి చుట్టూ తిరిగొచ్చేది ఏదీ లేదు కాబట్టి అక్కడ తప్పు ఇట్టే దొరికేది. 35,786 దగ్గర వచ్చిన 18.7 గంటలు మాత్రం నమ్మేలా ఉంటుంది. అందుకే ఆ తప్పు ప్రమాదకరం. 6,378 కలిపి 42,164 వేయండి, 86,164 సెకన్లు వస్తుంది.

రోజూ లెక్కలు చేసేవాళ్లకు ఒక దగ్గరి దారి: నేలను ఆనుకుని తిరిగే ఊహాజనిత ఉపగ్రహానికి 84.49 నిమిషాలు పడుతుంది. ఏ కక్ష్యకైనా దూరాన్ని 6,378.14తో భాగించి, వచ్చిన నిష్పత్తిని దాని వర్గమూలంతోనే గుణించి, 84.49తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. క్యాలిక్యులేటర్‌లో నాలుగు మీటలు.

దూరం పెరిగితే కాలం దూరం కంటే ఎక్కువ రెట్లు పెరగడానికి రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 400 కి.మీ. కక్ష్యతో పోలిస్తే భూస్థిర కక్ష్య చుట్టుకొలత 6.22 రెట్లు. పైగా అక్కడ వేగం సెకనుకు 7.67 కి.మీ. నుంచి 3.075 కి.మీ.కి పడిపోతుంది, అంటే 2.49 రెట్లు నెమ్మది. 6.22 × 2.49 = 15.5. 92.56 నిమిషాలను 15.5 రెట్లు చేస్తే 23 గంటల 56 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. దారి పొడవు, వేగం తగ్గడం, రెండూ కలిస్తేనే ఆ ఒకటిన్నర ఘాతం, అంటే నిష్పత్తిని దాని వర్గమూలంతో గుణించడం.

నింగి_లెక్క

ఎత్తుకు, దూరానికి తేడా ఇప్పుడు అర్థమైంది. కానీ 86,164 సెకన్లు అంటే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు కదా? 86,400 పెట్టి వెనక్కి లెక్కిస్తే దూరం 42,241 కి.మీ. వస్తోంది. 77 కి.మీ. తేడా. ఇంత పెద్ద కక్ష్యలో అదొక లెక్కా?

ఇంకొకటి, కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలకు ఏ దూరం వేయాలి?

భూస్థిరం

77 కి.మీ. తేడా అక్కడ చాలా పెద్ద లెక్క. మొదటి ప్రశ్నకు నేను చెబుతాను.

మనం రోజు అనేది సూర్యుడు మళ్లీ అదే దిక్కుకు రావడానికి పట్టే సమయం. ఆ లోపు భూమి సూర్యుడి చుట్టూ దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది కాబట్టి అది 360 డిగ్రీల కంటే కొంచెం ఎక్కువ తిరగాల్సి వస్తుంది. నక్షత్రాలతో పోల్చి చూస్తే భూమి ఒక పూర్తి చుట్టు తిరగడానికి 86,164 సెకన్లే చాలు. దీన్నే నక్షత్ర దినం అంటారు. ఉపగ్రహం పరిభ్రమణం సూర్యుణ్ణి చూసి జరగదు, కాబట్టి నేల మీద ఒకే చోటి పైన నిలవాలంటే నక్షత్ర దినాన్నే పట్టాలి.

42,241 దగ్గర పెట్టారనుకోండి. భూమి తన చుట్టు పూర్తి చేశాక కూడా ఉపగ్రహానికి ఇంకా 236 సెకన్ల ప్రయాణం మిగిలి ఉంటుంది. కింద నుంచి చూస్తే అది రోజుకు 0.986 డిగ్రీల చొప్పున పడమరకు జారుతూ కనిపిస్తుంది. కదలకుండా బిగించిన డిష్ యాంటెన్నా కొద్ది రోజుల్లోనే దాన్ని పోగొట్టుకుంటుంది. ఏడాదికి అది భూమి చుట్టూ ఒక పూర్తి చుట్టు వెనకబడుతుంది.

భూస్థిర కక్ష్య దగ్గర గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటుంది: దూరంలో 1 కి.మీ. తేడాకు కాలంలో 3.07 సెకన్లు, రోజుకు 0.0128 డిగ్రీల జారుడు. ఎత్తు ఎక్కువైతే పడమరకు, తక్కువైతే తూర్పుకు. ఇది లోపంగానే కాదు, పనిముట్టుగానూ పనికొస్తుంది. ఒక ఉపగ్రహాన్ని ఒక రేఖాంశం నుంచి ఇంకో రేఖాంశానికి మార్చాలంటే కొన్ని పదుల కిలోమీటర్లు ఎత్తు మార్చి, అది తనంతట తాను జారుతూ గమ్యం చేరాక తిరిగి పాత ఎత్తుకు తెస్తారు. తూర్పుకు 10 డిగ్రీలు, 20 రోజుల్లో జరగాలంటే రోజుకు అర డిగ్రీ. అంటే కక్ష్యను 39 కి.మీ. దించితే చాలు.

ఇది ఎక్కడ నుంచి వస్తుందంటే, చిన్న మార్పులకు కాలం ఎంత శాతం మారుతుందో, అది దూరం మారిన శాతానికి ఒకటిన్నర రెట్లు. 400 కి.మీ. ఎత్తులో అయితే 1 కి.మీ.కి 1.23 సెకన్లు. ఈ ఒకటిన్నర రెట్ల సూత్రం నోటికి వస్తే సగం లెక్కలు కాగితం లేకుండానే అయిపోతాయి.

కక్ష్యాగణకుడు

దీర్ఘవృత్తాల సంగతి. ఆ సూత్రంలో వృత్త వ్యాసార్ధం స్థానంలో అర్ధ దీర్ఘాక్షం, అంటే దీర్ఘవృత్తపు పొడవాటి అక్షంలో సగం వేయాలి. పెరిజీ అంటే భూమికి అతి దగ్గరి బిందువు, అపోజీ అంటే అతి దూరపు బిందువు. రెండింటి ఎత్తులూ కూడి, సగం చేసి, 6,378 కలిపితే అదే అర్ధ దీర్ఘాక్షం. కక్ష్య ఎంత సాగదీసినట్టు ఉందన్నది కాలానికి పట్టదు. అర్ధ దీర్ఘాక్షాలు సమానమైతే గుండ్రటి కక్ష్యకూ సన్నటి కక్ష్యకూ ఒకటే కాలం.

చంద్రయాన్-3ను తీసుకుందాం. 2023 జులై 14న రాకెట్ దాన్ని సుమారు 170 × 36,500 కి.మీ. కక్ష్యలో వదిలింది. ఎత్తుల సగటు 18,335. దానికి 6,378 కలిపితే 24,713. 6,378.14తో భాగిస్తే 3.8747. దాన్ని దాని వర్గమూలం 1.9684తో గుణిస్తే 7.627. 84.49తో గుణిస్తే 644 నిమిషాలు, అంటే 10 గంటల 44 నిమిషాలు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు: 170 కి.మీ. వృత్తానికి ఒక కాలం (88 నిమిషాలు), 36,500 కి.మీ. వృత్తానికి ఇంకో కాలం (1,473 నిమిషాలు) కట్టి రెండింటి సగటు తీస్తారు. 780 నిమిషాలు వస్తుంది. రెండు గంటలకు పైగా తప్పు. సగటు తీయాల్సింది దూరాలకు, కాలాలకు కాదు.

జులై 25న అపోజీని దాదాపు 1,27,600 కి.మీ.కు పెంచారు, పెరిజీ 236 దగ్గరే ఉంది. అదే వరసలో చేస్తే 51 గంటల 30 నిమిషాలు దాటుతుంది. అంటే పెరిజీ దగ్గర ఇంజిన్ మండించే అవకాశం మొదట్లో 11 గంటల లోపు మళ్లీ వచ్చేది, చివరికొచ్చేసరికి రెండు రోజులకు ఒకసారి. కక్ష్య పెంచే కార్యక్రమం తేదీలను ఎలా నిర్ణయిస్తారని ఎవరైనా అడిగితే ఈ లెక్కతోనే మొదలుపెట్టాలి.

ఒక చుట్టులో సమయం సమానంగా ఖర్చవదు. ఆ మొదటి కక్ష్యలో పెరిజీ దగ్గర వేగం సెకనుకు 10.28 కి.మీ., అపోజీ దగ్గర 1.57 కి.మీ. మాత్రమే. చుట్టులో ఎక్కువ భాగం పైనే గడుస్తుంది. మోల్నియా కక్ష్యల కిటుకు అదే. 12 గంటలకు కొంచెం తక్కువ కాలం ఉన్న ఆ కక్ష్యల్లో అపోజీని ఉత్తరార్ధగోళం మీదికి వచ్చేలా పెడతారు. అప్పుడు ఉపగ్రహం భూస్థిర ఉపగ్రహాలు సరిగా అందని ఉత్తరపు ప్రాంతాల మీద గంటల తరబడి నెమ్మదిగా తచ్చాడుతుంది.

రెండో_పంక్తి

పట్టికల మీద ఆధారపడకుండా ఏ ఉపగ్రహానికైనా నేటి కాలం తెలుసుకోవాలంటే టీఎల్ఈ (కక్ష్య వివరాలను రెండు పంక్తుల్లో ఇచ్చే అంకెల సమితి) చూడండి. రెండు పంక్తుల ఆ అంకెల్లో రెండో పంక్తి 53 నుంచి 63వ స్థానం వరకు ఉన్నది రోజుకు ఎన్ని చుట్లు అన్న సంఖ్య. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అది 15.5 దగ్గర ఉంటుంది. 1,440ని 15.5తో భాగిస్తే 92.90 నిమిషాలు. ఇక్కడ రోజు అంటే మామూలు 86,400 సెకన్ల రోజే. పైన నక్షత్ర దినం గురించి చదివి దాన్ని ఇక్కడ పెట్టకండి.

కాలం నుంచి దూరానికి వెనక్కి వెళ్లడం: 92.90 నిమిషాలంటే 5,574.2 సెకన్లు. 6.28319తో భాగిస్తే 887.2. వర్గం చేసి 3,98,600.44తో గుణించి ఘనమూలం తీస్తే 6,795 కి.మీ. అంటే సగటు ఎత్తు 417. అదే పంక్తిలో 27 నుంచి 33వ స్థానం వరకు ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్య) ఉంటుంది, దాని ముందు దశాంశ బిందువు రాయరు. 0006703 అని ఉంటే 0.0006703 అని చదవాలి. ఈ బిందువు మరిచిపోయి పెరిజీ కట్టినవాళ్లకు ఉపగ్రహం భూమి లోపల తేలుతుంది.

ఇలా కట్టిన ఎత్తును ఆఖరి మీటరు దాకా నమ్మొద్దు. టీఎల్ఈలోని సంఖ్య ఒక ప్రత్యేక పద్ధతిలో సగటు తీసినది కాబట్టి సాదా కెప్లర్ సూత్రంతో కొన్ని వందల మీటర్ల నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల వరకు తేడా రావచ్చు. పైగా భూమి మధ్యలో ఉబ్బి ఉంది. ధ్రువాల దగ్గర వ్యాసార్ధం 6,357 కి.మీ.కు తగ్గుతుంది కాబట్టి, పూర్తిగా గుండ్రటి కక్ష్యలోనూ నేల నుంచి ఎత్తు ఒకేలా ఉండదు.

ఆ ఉబ్బు వల్లే అంతరిక్ష కేంద్రం కక్ష్యా తలం కూడా రోజుకు సుమారు 5 డిగ్రీలు పడమరకు తిరుగుతుంది. ఒక చుట్టు తర్వాత అది భూమధ్య రేఖను ఎక్కడ దాటుతుందో చెప్పాలంటే రెండూ కలపాలి: 92.9 నిమిషాల్లో భూమి తిరిగే 23.3 డిగ్రీలు, తలం జరిగే 0.3 డిగ్రీ. మొత్తం 23.6 డిగ్రీలు పడమరగా. ఆ 0.3 వదిలేస్తే రోజు గడిచేసరికి మీ అంచనా 5 డిగ్రీలు తప్పుతుంది.

నింగి_లెక్క

ఒక చిక్కు మిగిలింది. ముందు వెళ్తున్న ఉపగ్రహాన్ని అందుకోవాలంటే వేగం పెంచాలి కదా. కానీ ఈ లెక్కల ప్రకారం వేగం పెంచితే కక్ష్య పెద్దదై, కాలం పెరిగి, ఇంకా వెనకబడాలి. నిజంగానే అంతేనా?

భూస్థిరం

నిజంగా అంతే. 400 కి.మీ. కక్ష్యలో ఉండి సెకనుకు 1 మీటరు వేగం తగ్గించి చూడండి. వేగం సెకనుకు 7,669 మీటర్లు కాబట్టి అది పదివేలల్లో 1.3 వంతు. అర్ధ దీర్ఘాక్షం దానికి రెండింతల నిష్పత్తిలో తగ్గుతుంది, అంటే 1.77 కి.మీ. కక్ష్యలో ఎదురు వైపు బిందువు 3.5 కి.మీ. దిగుతుంది. కాలం 2.17 సెకన్లు తగ్గుతుంది. ఒక చుట్టు తిరిగి అదే చోటికి వచ్చేసరికి మీరు 2.17 సెకన్లు ముందున్నారు, అంటే 16.6 కి.మీ. ముందు. బ్రేకు వేసి ముందుకెళ్లారు. తిరిగి ఆ 1 మీటరు వేగం కలిపితే కొత్త స్థానంలో, పాత కక్ష్యలో నిలుస్తారు.

1965 జూన్‌లో జెమిని 4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ విడిపోయిన రాకెట్ దశ వైపు నేరుగా ఇంజిన్ పేల్చి దగ్గరికి వెళ్లబోయాడు. అది అందలేదు, ఇంధనం మాత్రం ఖర్చైంది. చివరికి ఆ ప్రయత్నం మానుకున్నారు. కొన్ని పదుల మీటర్ల దూరంలో సూటిగా వెళ్లినా పనవుతుంది. కిలోమీటర్లలోకి వచ్చేసరికి కక్ష్యా కాలమే రాజు.

గాలి రాపిడి కూడా ఇదే పని చేస్తుంది. పల్చటి వాతావరణం ఉపగ్రహం శక్తిని తీసేస్తుంటే కక్ష్య దిగుతుంది, కాలం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. ఎత్తు దిగినప్పుడు వచ్చే శక్తిలో సగం రాపిడికి పోతుంది, మిగతా సగం వేగంగా మారుతుంది. టీఎల్ఈలో రోజుకు చుట్ల సంఖ్య వారం వారం పెరుగుతుంటే ఆ ఉపగ్రహం కిందికి జారుతోందని అర్థం.

దుర్భిణి

సూత్రాన్ని కంటితో పరీక్షించాలనుకుంటే గురుగ్రహం నాలుగు పెద్ద చంద్రులకు మించినవి లేవు. చిన్న టెలిస్కోపు చాలు. దూరాలను గురుగ్రహం వ్యాసాల్లో కొలవండి. డిగ్రీల్లో కొలిస్తే భూమికీ గురుడికీ మధ్య దూరం వారాల్లో మారిపోయి లెక్క చెడుతుంది. ఒక్కో చంద్రుడు పక్కకు అత్యధికంగా జరిగినప్పుడు చూస్తే అయో 2.95 వ్యాసాలు, యూరోపా 4.69, గానిమీడ్ 7.49, కాలిస్టో 13.17. అయో కాలం 1.769 రోజులే కాబట్టి దాన్ని గంట గంటకూ గుర్తు పెట్టాలి. రాత్రికి ఒకసారి చూస్తే ఏ చుట్టులో ఉందో తెలియదు, పొరపాటున దాని కాలాన్ని తప్పుగా లెక్కిస్తారు.

కాలిస్టో, అయో దూరాల నిష్పత్తి 4.464. దాన్ని దాని వర్గమూలంతో గుణిస్తే 9.43. 1.769ని 9.43తో గుణిస్తే 16.68 రోజులు. కాలిస్టో అసలు కాలం 16.69. నాలుగింటినీ లాగ్-లాగ్ గ్రాఫ్ (రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉన్న గ్రాఫ్) మీద పెడితే వాలు 1.5 ఉన్న సరళరేఖ పడుతుంది. ఏదైనా చుక్క రేఖ నుంచి తప్పుకుంటే చంద్రుణ్ణి తప్పుగా గుర్తించారని అనుమానించండి.

ఇంకా ముందుకెళ్లొచ్చు. నాలుగు చంద్రుల్లో దేనిదైనా అసలు దూరం, కాలం వేసి సూత్రాన్ని తిప్పితే గురుగ్రహం ద్రవ్యరాశి 1.898 × 10²⁷ కిలోలు వస్తుంది. అయోతో చేసినా కాలిస్టోతో చేసినా ఒకటే జవాబు. ఒక గ్రహాన్ని తూకం వేయడానికి దాని చంద్రుడి గడియారం సరిపోతుందన్నది నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అందమైన మాట.

మన చంద్రుడితో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 3,84,400 కి.మీ. వేస్తే 27.45 రోజులు వస్తుంది. నక్షత్రాలతో పోల్చిన అసలు కాలం 27.32. ఇక్కడ మాత్రం ఉపగ్రహం బరువు పక్కన పెట్టడానికి లేదు. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 81.3వ వంతు. రెండూ ఒకే ఉమ్మడి కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి జీఎంలో చంద్రుడి భాగం కూడా కలపాలి, 4,03,503 అవుతుంది. అప్పుడు 27.28 రోజులు. ఇంకా దాదాపు 53 నిమిషాలు తక్కువ వస్తుంది. అది సూర్యుడి పని. సగటున చూస్తే సూర్యుడి ఆకర్షణ చంద్రుణ్ణి భూమి నుంచి కొంచెం బయటికి లాగుతుంది. భూమి పట్టు ఆ మేరకు సడలినట్టై, అదే దూరంలో చుట్టు తిరగడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.